పథ్యం

కుప్రి అంటే మా భాషలో తారు.
పేరుకు తగ్గ నలుపు, పేరుకు తగని పొట్ట.
తారు దేన్నైనా పట్టుకుంటే వదలదు,
వీడి కడుపు దేన్నీ పట్టుకోదు.

రాత్రి మూడింటికి తలుపు మీద గోళ్ల చప్పుడు.
కోటు దొరికి, బూటొకటి దొరక్క
నాలుగంతస్తులు దిగి
చియాతురా చలిలో వాడూ నేనూ
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడటం.

ఊళ్లో అందరూ వైద్యులే.
రొట్టెల నుగ్జార్ మొక్కజొన్న రొట్టె మాడ్చి పెట్టమన్నాడు.
గనిలో దిగే మా తమ్ముడు పచ్చి ఎముకే మందన్నాడు,
తోడేలు ఎప్పుడైనా పొయ్యి రాజేసిందా అని.
సంతలో వెల్లుల్లి అమ్మే ఆవిడ
చెంచాడు ద్రాక్షసారా అంది,
వాడికో నాకో అడగలేదు నేను.
ఖరీదైన సంచీ కూడా కొన్నాను, మీద నవ్వుతున్న కుక్క బొమ్మ.
మూడు రోజులు తిరిగేసరికి
మా ఇంట్లో నవ్వే మొహం అదొక్కటే.

డాక్టర్ బాద్రి పొట్ట నొక్కి చూశాడు,
వాడు నాకి నాకి ఎర్రబడ్డ పాదాలు చూశాడు,
ఇంతదాకా ఏమేం పెట్టావన్నాడు.
చెబుతూ పోతుంటే నాకే సిగ్గేసింది:
కోడి, గొడ్డు, చేప తలలు, జున్ను చెక్కు,
పెళ్లింట్లో మిగిలిన పులుసు.
"ఎతేరీ, వీడికి జబ్బు తక్కువ, విందులెక్కువ."
ఇదివరకు ఎరగని మాంసం ఒక్కటి, కుందేలు.
దానికి తోడు బంగాళాదుంప. అంతే. ఎనిమిది వారాలు.
పాతది కొంచెం కొంచెం తగ్గిస్తూ, కొత్తది కలుపుతూ
వారంలో మార్చమన్నాడు.
ఇంకో మెతుకు తగిలిందా, లెక్క మళ్లీ మొదటికి.

పెట్టడం తెలుసు మాకు. పెట్టకపోవడం ఎవరూ నేర్పలేదు.
గుమ్మం ఎక్కినవాడికి రొట్టె తుంచకపోతే
సమాధుల్లోంచి తాతలు లేచి అడుగుతారు.
అయినా గోడకి నోట్‌బుక్ వేలాడదీశాను.
పదకొండో రోజు: మెత్తన. పదిహేనో రోజు: పరవాలేదు.
పందొమ్మిదో రాత్రి మళ్లీ గోళ్లు.
రాశాను: నీళ్లు.

మర్నాడు నాలుగింటికి
నేను నడిపే కేబుల్ కారు మా భవనం మీదుగా జారుతోంది.
అయిదో అంతస్తు బాల్కనీలోంచి
నీలం తాడు, తాడుకి బుట్ట, మెల్లగా కిందికి.
కింద కుప్రి,
పింఛను వరసలో ముసలాయనలా బుద్ధిగా కూచుని.

తిట్లన్నీ మెట్లమీదే కూడబలుక్కుని వెళ్లాను.
జుజునా తలుపు తీసింది, చేతికింకా జున్ను వాసన.
"కరెంటూ రొట్టే లేని ఆ చలికాలంలో
నా కుక్క రెండు రోజులు ఈ తలుపు వంకే చూసింది.
మూడో రోజు లేదు.
అప్పట్నించీ ఎవరైనా అలా చూస్తే
నా చెయ్యి నా మాట వినదమ్మా."

కూడబలుక్కున్నదేదీ నోటికి రాలేదు.
ఇంటికెళ్లి చిన్న మూతగిన్నెలో
కుందేలూ దుంపా మెదిపి తెచ్చిచ్చాను.
రోజూ నాలుగింటికి దించు, ఇది తప్ప ఏదీ వద్దు.
"ఉప్పు?"
వద్దు.
"ఉప్పు లేకుండా ఎలా తింటాడే పాపం!"

లెక్క మళ్లీ ఒకటి నుంచి.
నలభై రెండో రోజు పొద్దున, కొత్త మంచు మీద,
గట్టిగా, ముదురు రంగులో, ఆవిరి కక్కుతూ...
చెప్పకూడని సంగతే.
ఆ రోజు కేబుల్ కారెక్కిన ప్రతివాడికీ చెప్పాను.
ఒకాయన టోపీ కూడా తీశాడు.

సాయంత్రం బుట్ట దిగింది.
గిన్నె పక్కన వార్తాపత్రిక పొట్లం,
పైన వంకర అక్షరాలు: ఎతేరికి. కుక్కకి కాదు, ఒట్టు.
జున్ను. ఇంకా వెచ్చగా ఉంది.

కుప్రి పొట్లాన్ని చూశాడు, నన్ను చూశాడు.
పైనుంచి జుజునా నన్నే చూస్తోంది.
నిలబడే తిన్నాను,
వాడి మొహం చూడకుండా.