ఇరవయ్యో తారీఖు

నిన్న పొద్దున అరవై రెండు.
రాత్రికి నలభై ఎనిమిది.
వేలు అని కలపడం మానేశాం ఇంట్లో,
పాల లెక్కలాగా ఉత్త అంకె చెప్పుకుంటాం.
"ఇవాళెంతమ్మా?" అంటుంది మృదుల
టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.
దాని లెక్కలో ప్లేట్‌లెట్లంటే చిన్న చిన్న పళ్ళేలు,
నాన్న ఒంట్లోంచి ఎవరో రోజూ కొన్ని ఎత్తుకుపోతున్నారు.
నలభై దిగితే చేర్చేయాలంది డాక్టరమ్మ.
రెండు లుంగీలు, ఫ్లాస్కు, ఒక స్పూను
సంచిలో సర్ది తలుపు వెనక తగిలించాను,
ఆయన కంట పడకుండా.

ఓటేరిలో మోకాలి లోతు నీళ్ళు.
షేర్ ఆటో రానంది.
కుచ్చిళ్ళు పైకి దోపి, చెప్పులు చేత పట్టుకుని
షావుకారుపేట దాకా నడిచాను.
నిన్నటి రక్తం రిపోర్టూ కొట్టు రశీదులూ
ఒకే పాలిథిన్ కవర్లో చుట్టి, చంకలో.

సేటు మంచోడే.
"మీ ఆయనకెలా ఉంది?" అని అడిగి, జవాబు దాకా ఆగి,
ఆ తర్వాతే "జీఎస్టీ ఇవాళే కదమ్మా" అన్నాడు.
ఇవాళే.
తాళాలు, బోల్టులు, గడియలు, అంగుళం మేకులు,
కొన్నదీ అమ్మిందీ పక్కపక్కన పెడితే
ఎక్కడో నలభై ఒక్క రూపాయి తేడా.
వెతుకుతుంటే ఫోను.
ల్యాబ్ కుర్రాడు, వెనక వాన చప్పుడు:
"నాప్పత్తొణ్ణు అక్కా."
నలభై ఒకటి.
ఏ నలభై ఒకటో
ఒక్క క్షణం నాకు తెలియలేదు.
"సరే, చూస్తాను" అన్నాను,
తప్పు నాదే అయినట్టు.

మధ్యాహ్నం పక్కింటి పూంగొడి అక్క.
బొప్పాయాకు రసం తెచ్చిందట.
(డాక్టరమ్మ దానికి అవుననలేదు, కాదనలేదు,
నీళ్ళు మాత్రం బాగా తాగించమంది.)
"తాగాడా అక్కా?"
"ఎక్కడ! తిడుతున్నాడు."
"ఎవర్ని?"
"ఆకుని, చెట్టుని, నన్నీ, కార్పొరేషన్‌నీ."
హమ్మయ్య అనుకున్నాను.
ఊళ్ళోవాళ్ళ లిఫ్టులు బాగుచేసే మనిషి,
వారం నుంచి మంచం దిగాలంటే నా భుజం అడుగుతున్నాడు.
తిట్టడానికైనా ఓపిక వచ్చింది.

సాయంత్రం మంచినీళ్ళ లారీ.
వీధి నిండా నీళ్ళే, తాగడానికి మాత్రం లారీయే రావాలి.
అత్తకి మోకాళ్ళు వంగవు,
అరుగు మీద కూర్చుని వరస దాటిన వాళ్ళ పేర్లు పిలుస్తుంది.
మృదుల రెండు బిందెలు పట్టిందట, మూడోది సగం.
ఆ సగం బిందె సంగతి
ఫోన్లో నాకు మూడుసార్లు చెప్పింది.

తేడా ఎనిమిదింపావుకి దొరికింది.
గడియల పెట్టెకి బండి కూలీ,
రశీదు వెనక పెన్సిలుతో, సగం చెరిగిపోయి.
సైటు గిర్రున తిరిగి తిరిగి
చివరికి ఒప్పుకుంది.

ఇంటికి చేరేసరికి ఆయన మేలుకునే ఉన్నాడు.
"కట్టేశావా?"
"కట్టేశా."
"లెక్క సరిపోయిందా?"
"సరిపోయింది."
కళ్ళు మూసుకున్నాడు.
తన అంకె అడగలేదు. నేను చెప్పలేదు.
తలుపు వెనక సంచి
కాస్త పక్కకి జరిగి ఉంది.
స్పూను బల్ల మీదికొచ్చింది,
పక్కన రసం గ్లాసు, అడుగున ఆకుపచ్చ చార.

ఇది పగలు కుట్టే దోమ అంటుంది మృదుల,
బళ్ళో టీచరు చెప్పిందట.
అయినా రాత్రి పదకొండుకి
బ్యాటు పట్టుకుని మంచం చుట్టూ తిరుగుతున్నాను.
టప్.
కాలిన వాసన.
మళ్ళీ టప్.
పొద్దుటి నుంచీ లెక్కపెట్టకుండా చేస్తున్న పని
ఇదొక్కటే.

వంటింట్లో ఆ సగం బిందెకి మూత లేదు.
వెళ్ళి పళ్ళెం ఒకటి బోర్లించి వచ్చాను.
ఆరింటికి ల్యాబ్ కుర్రాడొస్తాడు.