పొద్దు పోని ఊళ్ళో

జూన్ పదహారు. రాత్రి పదకొండున్నర.
సూర్యుడు కిటికీ గట్టు మీద మోచేతులానించి
ఇంట్లోకి తొంగి చూస్తున్నాడు,
లేచి వెళ్ళే ఉద్దేశం లేని చుట్టంలా.
జూలై ఆఖరుదాకా వార్డోలో ఎవరికీ పొద్దు పోదు.

నేను నిచ్చెనెక్కి
పడకగది అద్దాలకు రేకు అంటిస్తున్నాను.
చేపను పొయ్యిలో పెట్టేముందు చుట్టే వెండిరేకే,
అంచులకు నల్ల టేపు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ ఊరికి దీపాలు బిగించినవాణ్ణి.
రేవు గట్టున, బడి ముందు, చర్చి మలుపులో.
చేపల ఫ్యాక్టరీ గేటు దగ్గర నాలుగు, చాలా పెద్దవి.
"పట్టపగల్లా ఉంది ఓడ్మున్!" అని
మేనేజరు భుజం తట్టాడు.

ఆ నాలుగింటి కిందనుంచే
గుడ్‌వేగ్ రాత్రి షిఫ్టుకు వెళ్ళేది.
లోపల ఇంకా తెల్లటి వెలుతురు.
పేట మీద కాడ్ చేప, చేతిలో సన్నకత్తి,
తెల్లారి ఆరుదాకా ముళ్ళు తీయడం.
రాత్రి పనికి గంటకు కొన్ని క్రోనర్లు ఎక్కువ.
ఆ ఎక్కువతోనే పడవ కొన్నాం,
వంటింటికి కొత్త నేల వేయించాం.
ఆ నేల మీదే నిలబడి
మొన్న ఫోనులో రిపోర్టు విన్నాం.

రాచపుండు. రొమ్ములో మొదలై తుంటి ఎముకలోకి.

ట్రోమ్సో ఆసుపత్రిలో డాక్టర్ బిరెత్
మాటను గ్రాముల్లో తూచి ఇచ్చే మనిషి.
"ఎలుకల్లో ఏదో కనిపించింది.
మనుషుల్లో చిన్న చిన్న పరీక్షలు:
కొన్ని మేలంటాయి, కొన్ని ఏ తేడా లేదంటాయి.
కీమో ఆపనంటే,
ఏం వేసుకుంటున్నారో నాకు దాచకుండా చెబితే,
నేను అడ్డుపడను. నిద్రైనా పట్టొచ్చు."

గుడ్‌వేగ్ చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుంది.
తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.
"ఇరవై ఆరేళ్ళు రాత్రంతా వెలుతురులో ఉన్నందుకేనా ఇది?"
"ఒక్క మనిషి విషయంలో అలా చెప్పలేం," అంది బిరెత్.
చెప్పలేం అన్నది కాదనడం కాదు, అవుననడమూ కాదు.
నేను నా చేతుల వైపు చూసుకున్నాను.
వైర్ల మచ్చలు, ఒక వంకర గోరు.

ఇరవై మిల్లీగ్రాములు.
నిద్ర పట్టనివాళ్ళు రెండు వేసుకుంటారట.
సాసరులో లెక్కపెట్టి పోస్తుంది, చిన్న చిన్న తెల్ల బిళ్ళలు,
మంచినీళ్ళు నా చేత తెప్పించుకుంటుంది.
"చీకటి పడితే ఒంట్లో దానంతటదే ఊరేది ఇది.
నాకు ఇరవై ఆరేళ్ళ బాకీ ఉంది.
ఫ్యాక్టరీవాడు ఇవ్వడుగా,
మందుల షాపులో వసూలు చేసుకుంటున్నా."

పక్కింటి యోరున్ కేకు పట్టుకొచ్చి
"దీంతో పూర్తిగా నయమైందట, బోడోలో ఒకావిడకి" అంది.
గుడ్‌వేగ్ కేకు తీసుకుంది.
"నయమవుతుందని నేనెప్పుడన్నాను?" అని
కత్తి కోసం సొరుగు లాగింది.

కలలు మాత్రం ఎక్కువయ్యాయి.
నిన్న చెప్పింది:
ఫ్యాక్టరీలో కరెంటు పోయిందట.
నలభైమంది ఆడవాళ్ళు
చేపలను చేతులతో తడిమి తడిమి కోస్తున్నారట,
ఒకరి వేళ్ళు ఒకరికి తగిలి పకపకా నవ్వుతున్నారట.
"నువ్వొచ్చావు నిచ్చెనతో," అంది.
"బాగుచేశానా?"
"గుర్తులేదు. అందరం నిన్ను తరిమేశామనుకుంటా."

స్కాను ఆగస్టు మూడోవారంలో.
నవంబరులో సూర్యుడు దిగితే రెండు నెలలు ఇటు రాడు,
అప్పుడు ఊరంతా ఊరికే చీకటి, బిళ్ళ అక్కర్లేనంత.
నవంబరు మాట మాత్రం మేమిద్దరం ఎత్తం.

టేపు చుట్ట సన్నబడింది.
పై మూలనుంచి ఒక వెలుగు చీలిక
గోడ దిగి, దుప్పటి ఎక్కి,
వెంట్రుకల్లేని ఆమె తల పక్కకు వచ్చి ఆగింది.
కళ్ళు మూసుకునే అడిగింది:
"పడిందా?"

"ఇంకో మూల ఉంది," అన్నాను.