జానెడు సందు

రాయగడలో మాది మిల్లు క్వార్టరు.
ఒకటే దోమతెర, కింద రెండు నవారు మంచాలు.
ఎంత జరిపినా కోళ్ళు కలవవు,
మధ్యలో జానెడు సందు.
ఇరవై రెండేళ్ళుగా అందులో పడుతూనే ఉన్నాయి
ఆమె తలపిన్నులు, నా కళ్ళజోడు,
ఒకసారి పిల్లవాడి పాలపీక,
కొన్నిసార్లు సగంలో ఆపేసిన మాట.

ఆమె పేరు మినతి.
మా అమ్మకి నోరు తిరగక
"వినతీ" అని పిలిచేది.
రెండింటికీ అర్థం ఒకటేనని
అమ్మ పోయిన చాన్నాళ్ళకి గాని తెలియలేదు మాకు.
ఇద్దరం నవ్వుకున్నాం,
ఎవరి నవ్వు వాళ్ళం.

నిద్రలో మినతి ఒడియాలో మాట్లాడుతుంది.
పగటి ఒడియా నాకూ వచ్చు.
కూరలు బేరమాడతాను, సూపర్వైజరుతో పోట్లాడతాను,
రేషను కార్డులో తప్పు పడిన నా పేరు
నేనే వెళ్ళి దిద్దించుకున్నాను.
ఆమె కలలో ఒడియా మాత్రం అంతుపట్టదు.
ఆస్కా వైపు ఏదో వాకిలి, ఎవరో వదిన,
ఎండబెట్టిన వడియాల మీద కాకుల గొడవ.
నేను లేని వాకిలి.
నేను లేనందుకు ఏ లోటూ లేని వాకిలి.

ఈ రాత్రి రెండూ నలభైకి మెలకువ వచ్చింది.
కరెంటు లేదు.
షట్‌డౌన్ వారం కదా, బాయిలరు హోరు కూడా లేదు.
ఆ హోరు ఇన్నేళ్ళూ నన్ను దుప్పటిలా కప్పి ఉంచిందని
అది తొలగిపోయాకే తెలిసింది.
నాగావళి చప్పుడు మొదటిసారి మా కిటికీ దాకా వచ్చింది.
మా ఊరివైపే పోతోంది,
నన్ను అడగకుండా.

దేనికి భయపడ్డానో చెప్పలేను.
చావుకి కాదు, దాన్ని మా నాన్న మంచం పక్కన కూర్చుని చూశాను.
నా పేరు నేనే లోపల పిలుచుకుంటే
ఎవరూ పలకలేదు. అంతే.
బావిలోకి చేద వదిలితే
ఎంతకీ నీళ్ళ చప్పుడు రాకపోవడం ఉంటుందే,
తాడు అరచేతుల్లోంచి
ఇంకా, ఇంకా పోతూనే ఉండడం.

పనిలో చేరిన ఏడాది
గుజ్జు తొట్టెలో నా చేతి తొడుగు జారిపడింది.
వెదురూ సుబాబులూ తొడుగూ
అన్నీ ఒకటే తెల్లటి జావ.
ఆ లాటు కాగితం నోటుపుస్తకాలకి పోయింది.
ఏ బడిలోనో ఏ పిల్లో
నా అరచేతి మీద ఎక్కాలు రాసుకుని ఉంటుంది.
చాలాకాలం ప్రేమంటే అదే అనుకున్నాను,
ఆనవాలు మిగలకుండా కరిగిపోవడం.
పెళ్ళయిన కొత్తలో మినతికి ఊపిరాడనివ్వలేదు.
"కాస్త పక్కకి జరుగు, నిన్ను చూడాలి" అందోసారి.
నెల్లాళ్ళు అలిగాను ఆ మాటకి.

డ్రయ్యరు దగ్గర తవిటినాయుడు
తడికాగితం చింపి చూపించేవాడు పని నేర్పుతూ.
"జిగురేటీ ఉండదు బావూ.
మధ్యలోంచి నీల్లు ఎల్లిపోవాల,
అప్పుడే నార నారని అట్టుకుంటాది.
ఎల్లకపోతే గుజ్జే.
మరీ ఎండబెట్టీసినావా, ఇరిగిపోద్ది."
అప్పుడది పని మాట.
ఇంక్రిమెంటు కోసం బట్టీ పట్టాను.

మినతి కదిలింది.
ఏమైందని అడిగింది ఒడియాలో.
ఏమీ లేదన్నాను తెలుగులో.
నమ్మలేదు. అలాగని లేవనూ లేదు.
సందు దాటి ఒక మడమ వచ్చింది,
చల్లగా, పగుళ్ళతో,
నా పిక్కకి ఆని ఆగిపోయింది.
మనిషి అప్పటికే ఆ వాకిట్లోకి తిరిగి వెళ్ళిపోయింది,
ఎవరితోనో ఏదో అంటోంది, నవ్వుతోంది.

చేద చప్పుడు ఇంకా రాలేదు.
కళ్ళజోడు కోసం చీకట్లో
సందులోకి చేయి దించితే
తలపిన్ను ఒకటి వేలికి గుచ్చుకుంది.