అరగంట ధర

విజయనగరం, రింగురోడ్డు వెనక వీధి.
మా మెట్ల పక్కన, అంతస్తుకొకటి,
కరెంటు మీటర్ల అర.
ప్లైవుడ్ తలుపు, మీద టేకు రంగు సన్మైకా,
గొళ్ళెం బదులు మెలితిప్పిన ఎర్ర తీగ.
లోపల ఆరు మీటర్లు,
వాటి కాళ్ళ దగ్గర చీపుర్లు, సగం ఎండిన రంగు డబ్బా,
ఎవరిదో తెలియని పరుపు ముక్క,
సిరిమాను నాడు కట్టి విప్పిన కాగితపు తోరణాలు.

విశాఖ నుంచి వచ్చిన తలుపుల కుర్రాడు
రెండు నమూనా ముక్కలు బల్ల మీద పెట్టాడు.
ఇది ముప్పై నిమిషాలు ఆగుతుందండి,
ఇది అరవై.
దేనికోసం ఆగుతుంది, అంది రెండో అంతస్తు సుభాషిణి.
మంటకండి, అన్నాడు,
బస్సుకి అన్నంత మామూలుగా.

తలుపుకీ తలుపుకీ తేడా ఏడు వేల ఎనిమిది వందలు.
అయిదు అంతస్తులు.
కోశాధికారిని నేనే, నోటి లెక్కన చెప్పేశాను:
ముప్పైతొమ్మిది వేలు.
దాంతో లిఫ్టు మోటారు బాగవుతుంది, అన్నారు దాలినాయుడు గారు.
ఫైరింజను ఊళ్ళోనే ఉందిగా, అన్నారింకొకరు.
మినిట్సు పుస్తకంలో నా చేతిరాత:
'ముప్పై నిమిషాల తలుపు ఆమోదించడమైనది.'
కింద పదహారు సంతకాలు.

వాచ్‌మన్ జోగులు గుమ్మంలో నిలబడి విన్నాడు.
ఇరవై రెండేళ్ళు జూట్ మిల్లులో చేసి
అది మూతపడ్డాక మా గేటుకొచ్చిన మనిషి.
టీ గ్లాసులు తీస్తూ నాతో అన్నాడు:
"గోగునార మంట తవరు సూడనేదు బాబూ.
అది నడిసి రాదు, ఉన్న సోటే పుట్టుకొత్తాది.
మా గొడౌనుకి ఇనప తలుపుండీది,
తాడుకి కట్టి పైన ఏలాడదీసినారు.
తాడు కాలితే దానికదే జారిపడీది.
పడ్డాక అవతలోడు అవతలే.
నిమిసాలు మాకెవులూ సెప్పనేదు."

నేను నవ్వాను.
గ్లాసు అతనికిచ్చి వచ్చేశాను.

ఆ గురువారం సాయంత్రం గాలివాన.
కరెంటు పోయి, లిఫ్టు రెండుకీ మూడుకీ మధ్య ఆగింది.
అయిదో అంతస్తు తవిటమ్మ గారు
మనవరాలి వయొలిన్ కచేరీకి వెళ్ళి తీరాలన్నారు.
ఫోను లైటు పట్టుకుని నేను ముందు,
మోకాళ్ళు పట్టుకుని ఆవిడ వెనక.

ఒక్కో మెట్టుకి రెండు కాళ్ళూ.
ప్రతి మలుపులో ఆగి
మీటర్ల అర మీద అరచెయ్యి ఆనించి ఊపిరి తీసుకునేవారు.
ఆ చెయ్యి కింద సన్మైకా
అప్పడంలా లోపలికి నొక్కుకునేది.
నాలుగో అంతస్తు దగ్గర ఆరు నిమిషాలు.
మూడో దగ్గర కుచ్చిళ్ళు సర్దుకున్నారు, పదమూడు.
రెండో దగ్గర, మీ ఆవిడ ఊరెళ్ళిందా, అని అడిగారు.
కింద గేటు తాకేసరికి
ముప్పైనాలుగు.

పొగ లేదు. తొందర లేదు.
పట్టుకోవడానికి నా భుజం ఉంది.
కచేరీకి ఆలస్యం చేశానని నన్నే తిట్టి ఆటో ఎక్కారు.

ఆదివారం అందరినీ మళ్ళీ పిలిచాను.
నాలుగు నిమిషాలు తక్కువైంది, అని మాత్రం చెప్పాను.
ఎవరికి, అన్నారు దాలినాయుడు గారు.
జోగులు తలెత్తి పై అంతస్తు వైపు చూశాడు.

ఇప్పుడు బూడిద రంగు తలుపులు, బరువైనవి.
అంచు వెంట వేలెడు పట్టీ,
వేడి తగిలితే ఉబ్బి సందులన్నీ మూస్తుందట.
జన్మకొక్కసారి చెయ్యాల్సిన పని,
ఆ ఒక్కసారీ రాకూడదని మేం కోరుకునే పని.
మడతబందు పక్కన చిన్న రేకు మీద అరవై.
పిల్లలు అది తలుపు వయసనుకుంటున్నారు.

అర ఖాళీ చేసిన రోజు
పరుపు ముక్క ఎవరిదో తేలింది.
నాదే.

తలుపు తనంతట తాను మూసుకుంటుంది.
చీపుర్లు మళ్ళీ లోపలికి చేరాయి,
తీసేవాళ్ళకి అడ్డమని
ఎవరో దాని కింద ఇటుక పెడుతున్నారు.
రాత్రి పదిన్నరకి అయిదు అంతస్తులూ తిరిగి తీస్తాను.
పొద్దున్నకి మళ్ళీ అక్కడే.
నిన్న విసుగొచ్చి ఇటుకని ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్నాను.

ఇవాళ ఇంకో ఇటుక.