ముప్పై ఆరు

ఎల్లుండి వైర్‌మన్ పర్మిట్ పరీక్ష.
కాశీబుగ్గ బస్టాండు ఎదుట జెరాక్స్ కొట్లో
నేనడిగిన పుస్తకం పేరు విని కుర్రాడు
"అది లేదక్కా, పెళ్లికార్డుల మోడళ్లున్నాయి" అన్నాడు.

పాత ప్రశ్నపత్రంలో ఏడో ప్రశ్న:
తీగ మీద చెయ్యి వేసే ముందు
ఏం చెయ్యాలి? ఏ నిబంధన ప్రకారం?
మొదటి సగం నాకొచ్చు.
రెండో సగానికే మార్కులు.

ఢిల్లేశు మావ ఇచ్చిన పుస్తకానికి అట్ట లేదు.
అందులో ఆ మాట ముప్పై ఆరు.
తర్వాతొచ్చిన పుస్తకంలో పంతొమ్మిది.
అదీ రద్దయింది, ఇప్పుడింకోటి, అంటాడు
మందస నుంచి వచ్చే సూపర్వైజరు.
ఆ ఇంకోటి ఎంతో ఆయనకీ తెలీదు.
"ఏదో ఒకటి రాసీ, దిద్దేవోడికి తెలుసేటి?"

రాసీవొచ్చు.
జీడిపప్పు ఫ్యాక్టరీలో డ్రయ్యరుకి మూడేళ్లుగా
ఏదో ఒకటి చుట్టి, ఏదో ఒకటి తగిలించి,
ఫ్యూజు బదులు రాగిపోగు పెట్టి
నడిపించేస్తున్నట్టే.

రాత్రి, పిక్కలు ఒలిచే షెడ్డులో చదువుతాను.
జీడి రసం తిన్న అమ్మ వేళ్లు,
ఆధారు మిషను గుర్తుపట్టని వేళ్లు,
పేజీ తిప్పితే నల్లటి మచ్చ.
"మెల్లిగా అమ్మా, అది చట్టం."
"చట్టానికేటి, బొబ్బలెక్కుతాయేటి?"

ముప్పై ఆరు పక్కన పెన్సిల్ గీత.
గొలుసుకట్టు రాతలో
తుపాను. పూండి ఫీడరు. తవిటయ్య.
తేదీ లేదు.

మావనడిగాను.
బీడీ ఆర్పి, మళ్లీ వెలిగించి
ఎన్నూళ్లు చీకట్లో ఉన్నాయో,
పైనుంచి ఎన్ని ఫోన్లో,
తవిటయ్య స్తంభమెక్కితే ఎంత చూడముచ్చటో చెప్పాడు.
"లైను చచ్చిందనుకున్నాం.
అవతల ఎవడో జనరేటరు ఆన్ చేశాడు.
ఎర్తు గొలుసు జీపులోనే ఉంది."
కాసేపాగి,
"జీపు ఇరవై అడుగుల్లోనే ఉంది."

ఒక రోజు కూలి వదులుకొని శ్రీకాకుళం వెళ్లాను.
ఆఫీసులో బీరువా తాళం సెలవులో ఉంది.
మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చుంటే
అటెండరమ్మ జాలిపడి
ఎవరి టేబులు మీదదో గెజిటు కాపీ తెచ్చిచ్చింది.
టీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది.
నంబరు దొరికింది.
ఇక్కడ రాయను, మళ్లీ మారుతుంది.
వాక్యం మాత్రం మూడింట్లోనూ
ఇంచుమించు అదే.

ఈ పొద్దున డ్యూటీకి ఎక్కగానే
మెయిన్ దించాను. టెస్టరు పెట్టి చూశాను.
మళ్లీ చూశాను.
డ్రయ్యరు బాక్సులో రాగిపోగు పీకేశాను.
షావుకారు కేకేసుకుంటూ వచ్చాడు:
"పరీక్షింకా రాయనే లేదు,
ఎవడు చెప్పాడే గుంటా నీకు, ఆపమని?"

తవిటయ్య, అన్నాను.

ఏ తవిటయ్య, ఏ తవిటయ్య అంటూ
ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.
ఫ్యాన్లాగిన షెడ్డులో
ఒలిచే చేతులన్నీ ఆగి ఇటే చూస్తున్నాయి.