వంతెన లేవకముందు

లెమ్మర్ ఊళ్లో, కాలువ గట్టున, పాత చేపల గోదాము పైగదిలో
సీట్స్కే హూకెమా కంప్యూటర్ కట్టేసి కూర్చుంటుంది.
బల్ల మీద నూట పన్నెండు కాగితాలు,
చెవి వెనక పెన్సిలు, చల్లారిన కాఫీ.
ఎత్తుడు వంతెనకి బుర్రలాంటి ప్రోగ్రాము అది.
ఇంకా నిద్ర లేవలేదు.
నిద్రపోతున్నదాని నాడి చూస్తోంది ఆమె.

"నడపకుండా ఏం తెలుస్తుంది?" అన్నాను, చేరిన కొత్తలో.
తలెత్తలేదు.
నలభై ఒకటో కాగితం నా వైపు జరిపి
"చదువు" అంది.

చదివాను.
ఇక్కణ్ణించి వెనక్కి మళ్లు, అని ఒక వరుస.
దాని కిందే, బుద్ధిగా, ముత్యాల్లాంటి అక్షరాల్లో,
ఎర్ర మీట నొక్కితే మోటారు ఆపు, అని ఇంకో వరుస.
మళ్లిపోయినవాడు కింది వరుసకి ఎలా చేరతాడు?
తలుపు లేని గదిలో
మంటలార్పే నీళ్లు నింపి పెట్టారెవరో.
రోజుకి ముప్పైసార్లు వంతెన ఎత్తి దించినా
ఎర్ర మీట అవసరం పడని ఏ రోజునా
ఆ గదికి తలుపు లేదని తెలిసేది కాదు.

అసలు చదువు అంతకన్నా ముందే మొదలైంది,
ఒక్క వరుసా రాయకముందు.
నగరసభ పంపిన పత్రంలో
"గాలి బలంగా ఉంటే వంతెన ఎత్తరాదు" అని ఉంది.
బలమంటే ఎంత? అని పక్కన రాసిందామె.
ఆ రెండు మాటలకి జవాబు
మూడు ఆఫీసులు తిరిగి పదకొండు రోజులకి వచ్చింది:
సెకనుకి పదిహేను మీటర్లు, ఆపైన.

గురువారాలు గుంపుగా చదువుతాం.
రాసిన యెల్మర్ ఒక మూల,
మిగతా ముగ్గురం అతని వరుసలు పైకి చదువుతాం.
మన రాత ఇంకొకరి నోట వినడం
అద్దంలో వీపు చూసుకోవడం లాంటిది.
అతని చెవులు ఎర్రబడతాయి.
"తప్పు వరుసది, నీది కాదు" అంటుంది సీట్స్కే,
ప్రతిసారీ, అదే గొంతుతో.

మార్చిలో, ఒక మంగళవారం, దాన్ని నిద్ర లేపాం.

ఇక ఇది చూసి రమ్మంటే కాల్చి వచ్చే పని.
దారి మూయించాం. వాన తుంపర.
వంతెన కాపలాదారు ఔకె, ముప్పై ఏళ్లుగా ఆ గదిలోనే,
చేతులు జేబుల్లో పెట్టుకుని మమ్మల్ని చూస్తున్నాడు.
గాలిమరకి బదులు మా అంకెలు ఇచ్చాం.
పద్నాలుగు: లేచింది.
పదహారు: లేవనంది.
పదిహేను:
లేచింది.
ఎనిమిది కళ్లు నాలుగు గురువారాలు
ఆ చిన్న గుర్తు మీంచి నడిచి వెళ్లిపోయాయి.
యెల్మర్ ఏమీ అనలేదు. అక్కడే, తడిలోనే, దిద్దాడు.

ఏడున్నరకి వాన వెలిసింది.
ఔకె మేనల్లుడి పడవ కిందనుంచి దాటి, మలుపు తిరిగి, పోయింది.
వంతెన దిగలేదు.
సైకిళ్ల మీద బడి పిల్లలు బారులు తీరారు,
ఒకడు గంట కొట్టడం మొదలుపెడితే అందరూ.
కాగితాలు మళ్లీ తిరగేశాం. వరుసలన్నీ సరిగ్గానే ఉన్నాయి.
సరిగ్గా ఉండి కూడా అది దిగలేదు.

చివరికి సీట్స్కే వంగి, పడవల్ని కనిపెట్టే కంటి పక్కన
తన తల ఆనించి చూసింది.
ఎదురుగా సూర్యుడు నీళ్లని తాకుతున్నాడు.
ఆ మెరుపంతా పడవే దానికి,
ఎంతకీ దాటిపోని పడవ.

"అవును," అన్నాడు ఔకె, "ఈ నెలలో ఈ వేళకి నాకూ కనబడదు.
టోపీ దించుకుని, చెవితో వింటాను."
"ముందే ఎందుకు చెప్పలేదు?"
"నన్నెవరడిగారు?"

ఆ గురువారం గోదాము పైగదిలో ఐదో కుర్చీ వేశాం.
ఔకె కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చాడు.
అతనికి మా భాష రాదు,
అందుకని సీట్స్కే ఒక్కో వరుసనీ మామూలు మాటల్లో చెప్పింది.
వింటూ వింటూ
పదిహేడో కాగితం దగ్గర చెయ్యెత్తాడు.