రబ్బరు పొట్టు

తిరపతి బైపాసు నడుమ గన్నేరు వరస
కోమలవల్లి మేడం గీసింది.
ఇంకు పోసింది నేను.
గుండ్లు గీయించుకున్న తలలు నీడకు ఆగే చోట
కానుగకూ కానుగకూ మధ్య పద్దెనిమిది అడుగులు,
సిమెంటు తిన్నె ఎత్తు పదహారంగుళాలు.
"మెట్లు దిగొచ్చిన మోకాళ్లు, గోవిందసామీ,
అంతకంటే కిందికి వంగవు."

నగరి మగ్గాల ఇంటి పిల్ల.
గీత వంకరపోతే
పోగు తెగినట్టు చూసేది.

ఒకరోజు ఆర్డరొచ్చింది:
జాతీయ ఉద్యానవనం, డిప్యుటేషన్.
ఆఫీసంతా ఒకటే నవ్వులు.
"ఉద్యానవనమంటే పార్కే గదా మేడం,
పోయి అడివికి క్రోటన్లు నాటండి."
ఆమె నవ్వలేదు.
టీ స్క్వేరు సంచిలో పెట్టుకుంది.
నన్ను కూడా అడిగి తీసుకుంది.

మొదటి ఏడు గీసిందంతా తప్పే.
తలకోన పైదారిలో వ్యూ పాయింటు,
రాతి మెట్లు, రెయిలింగు,
ఫోటోలు దిగేవాళ్లకని ఒక వంపు.
మూడు వారాలు ఇంకు పోశాను.
సైటు చూపిస్తే మామండూరు పోలయ్య
మాటాడకుండా బండ నెర్రెలోకి టార్చి వేశాడు.
లోపల బంగారు బల్లి,
పసుపు రాసిన గడపంత పచ్చగా,
రెప్పలేని కంటితో.

ఆ రాత్రి మేడం రబ్బరు పట్టుకుంది.
మెట్లు పోయినాయి. రెయిలింగు పోయింది.
వంపు దగ్గర చానాసేపు ఆగింది,
బాగా కుదిరిన వంపు అది.
తెల్లారి నేను ఊడిస్తే
పొట్టు చేటెడు.

ఇంక ఆమె ఉద్యోగమే చెరపడమైంది.
రోడ్డు వెడల్పు చెరిపింది.
రాత్రి లైట్లు చెరిపింది.
ఎవరి బామ్మర్దిదో వాగు ఒడ్డు రిసార్టు,
ఫైలు మీద ఒకటే ముక్క రాసింది:
'నీళ్లు ముందొచ్చినాయి.'
మాకు మెమోలు వచ్చినాయి, వెనకాలే.

చెరపలేనివీ ఉన్నాయి.
ఆ మాఘంలో ఒక్క మిట్టన
పదిహేడు ఎర్రచందనం మోడులు.
స్కేలు తీసి ఒక్కో మోడుకూ అడ్డం పెట్టింది,
ఏం కొలిచిందో రాసుకోలేదు.
రంపప్పొట్టు ఎర్రగా చెప్పులకంటింది.
జీపు వెనక వణుకుతున్నాడు
జవ్వాది కొండల నుంచి కూలికొచ్చిన కుర్రోడు.
అరవంలో అడిగింది, తిన్నావా అని.
పొట్లం విప్పి పెట్టింది.
తరవాత కేసు రాయించింది.
రాసేటప్పుడు చెయ్యి వణికింది గానీ
ఒక్క సెక్షనూ తగ్గించలేదు.

ఎండల్లో బోదకు నిప్పంటుకుంటే
అడ్డుగీత ఎక్కడ కాల్చాలో
మా మ్యాపుకు తెలియలేదు,
పోలయ్య అరికాళ్లకు తెలుసు.
పెన్సిలు చెవిన పెట్టుకుని
వాడి వెనకే నడిచింది, ఆఫీసరు.

రిటైరయ్యాక మొన్న బైపాసులో కనిపించింది.
గన్నేర్లు లేవు, వాటి జాగాలో
రాత్రిపూట వెలిగే ప్లాస్టిక్ తాళ్లు.
ఎదురుగా శేషాచలం, వాన కడిగిన బండ,
మెట్లూ రెయిలింగూ లేని ఆ వాలు.
చూపించబోయాను.
ఆమె వంగి తిన్నెను జానతో కొలుస్తోంది.
"ఎవరో టైల్సేశారు గోవిందసామీ.
రెండంగుళాలు లేచింది.
చూడు, పిల్లలకు కాళ్లు ఆనడం లేదు."